'పోయింది' అనరాదు

మీరు అబద్ధం రాశారు. తెలిసి రాశారో తెలియక రాశారో నాకనవసరం. 'కండక్టర్ సంజాయిషీ పంపలేదు, అది పోయినట్లు డిపో ఆపరేటర్ తెలిపారు' అని ఒకే వాక్యంలో ఇరికించి, కింద సంతకం గీకి, ఒక మనిషి ఉద్యోగం ఊడబెరికారు. పంపకపోతే పోవడమేమిటి? పోయిందంటే ముందు పంపినట్టే కదా? ఆ వాక్యాన్ని మీలో ఒక్కడైనా రెండోసారి చదివాడా?

ప్రధాన కార్యాలయంలో చల్లటి గదుల్లో కూర్చునే పెద్దలారా, మీతోనే మాట్లాడుతున్నాను. నేను మీకు తెలుసు. బస్సు డిపో గేటు ముందు గొంతు చించుకున్నవాణ్ణి. నన్నందరూ మైకు అంటారు. బడి చదువు తక్కువ. నేర్చుకున్నదంతా కొంత ఇంజను కింద వెల్లకిలా పడుకొని, కొంత మెట్ల కింద గదిలో మా బావ పక్కన కూర్చొని. మీరు ఇంటికి పంపిన కండక్టర్ మా అక్కా బావల కూతురు. అందుకే నాకు కోపం ఎక్కువ. దాచుకోను.

ఈ శనివారం మా డిపో మెయిల్ సర్వర్‌ని ఆపేసి, అందులో ఉన్నదంతా తుడిచేస్తారట. మా పిల్ల సంజాయిషీ ఇంకా అందులోనే ఉంది. తుడిచేసే ముందు అది ఎలాంటి యంత్రమో, అందులో ఎవరెవరు ఎదురు చూస్తున్నారో వినండి.

మెట్ల కింద గది అంటే నిజంగా మెట్ల కిందే. పైన డిపో మేనేజర్ ఆఫీసుకు వెళ్ళే ఇనుప మెట్లు. ఎవరెక్కినా మా నెత్తిన దబదబా మోత. లోపల ఒక బల్ల, దాని మీద ఆ సర్వర్, రెండు కుర్చీలు. ఒక కుర్చీకి నాలుగో కాలు ఇటుకలే. కిటికీ అవతల బస్సులు కడిగే చోటు. పైపు ఇటు తిప్పితే చాలు, తుంపర నేరుగా బల్ల మీదికి వచ్చేది. అందుకని బావ ఆ యంత్రం మీద పాత సీటు రెక్సిను కప్పి ఉంచేవాడు. డీజిలు, తడిసిన రబ్బరు, వేడెక్కిన తీగలు, ఈ మూడూ కలిసిన వాసన ఒకటి ఉంటుంది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన ముక్కుకు తగిలితే నా కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. వెనక నుంచి 'ఏం బావమరిదీ, పనీపాటా లేదా?' అని వినిపిస్తుందేమోనని.

బావ ఆ డిపో టైమ్‌కీపర్. ఏ బస్సు ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు తిరిగొచ్చింది, అది చూడ్డమే ఆయన పని. ఆ పెట్టె డిపోకి వచ్చినప్పుడు ముట్టుకోడానికి ఎవడికీ ధైర్యం చాల్లేదు. ముట్టుకుంటే షాకు కొడుతుందని పుకారు పుట్టించింది నేనే. బావ ముట్టుకున్నాడు. మీ ప్రధాన కార్యాలయం నుంచే ఒక ఇంజనీరమ్మ వచ్చి, అదే ఇటుకల కుర్చీలో కూర్చొని, అడిగిందే అడిగినా విసుక్కోకుండా ఆయనకి నేర్పింది. అప్పట్లో మీ దగ్గర నేర్పేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు సంతకం పెట్టేవాళ్ళు మాత్రమే మిగిలారు.

ఆమె చెప్పింది ఇంతే. మనం 'పంపు' అని నొక్కగానే ఉత్తరం ఎగిరి అవతల వాలదు. ముందు మన సర్వర్ తీసుకుంటుంది. అది వెళ్ళి అవతలి సర్వర్ తలుపు కొడుతుంది. తీస్తే అప్పగిస్తుంది. తీయకపోతే ఉత్తరాన్ని తన దగ్గరే నిలబెట్టుకొని, కాసేపాగి మళ్ళీ వెళ్ళి కొడుతుంది. అలా నిలబడ్డ ఉత్తరాల వరుసే క్యూ.

బావ దీన్ని మాకు బస్సు భాషలోకి మార్చి చెప్పాడు. మన సర్వర్ తీసుకుంటే 'ఎక్కింది'. క్యూలో ఉంటే 'స్టాపులో ఉంది'. అవతల చేరితే 'దిగింది'. అడ్రసు తప్పయి వెనక్కొస్తే 'ఊరు తెలీని ప్యాసింజరు, తిరుగు బస్సులో వచ్చాడు'. ఇంక అంతకంటే ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. గ్రీజు చేతుల మెకానిక్కులు కూడా గుమ్మంలో నిలబడి నల్ల తెర వైపు చూస్తూ, తమ ఉత్తరం ఎక్కడుందో వాళ్ళే చెప్పేవాళ్ళు.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి క్యూ చూడ్డం మాకో సరదా. టిక్కెట్ల సంచులు భుజాన వేసుకొని కండక్టర్లు, చెమటతో డ్రైవర్లు, అందరూ గుమ్మంలో మూగేవాళ్ళు. బదిలీ అడిగినవాడు, రూటు మార్చమన్నవాడు, పక్క డిపోలో పనిచేసే పెళ్ళానికి సాయంత్రం ఆలస్యమవుతుందని కబురు పెట్టినవాడు కూడా.

"టైమ్‌కీపర్ గారూ, నాదెక్కడి దాకా వచ్చింది?"

"స్టాపులోనే ఉందిరా. వాళ్ళ బండి నిండుగా వచ్చింది, ఆపలేదు."

"మరి తర్వాతది?"

"అరగంటలో వస్తుంది. నువ్వు నడిపే బండి కంటే టైముకే వస్తుందిలే."

గుమ్మమంతా గొల్లుమనేది. ఆ డ్రైవరు కూడా నవ్వేవాడు. ఈ కాలంలో ఆఫీసుల్లో ఎవరి తెర వాళ్ళకి, ఎవరి ఏడుపు వాళ్ళకి. అప్పుడు అందరి ఎదురుచూపూ ఒక్క తెర మీద కనిపించేది. ఒకడి ఉత్తరం దిగిందంటే పదిమందీ 'దిగిందిరోయ్' అని అరిచేవాళ్ళు. దిగినవాడు టీ తెప్పించేవాడు.

ఇక ఆ మాట సంగతి. టైర్ల సెక్షన్‌లో ఒకతను చెల్లెలి పెళ్ళికి సెలవు కోరుతూ ఉత్తరం పెట్టాడు. ఆ పొద్దున్నే కరెంటు వస్తూ పోతూ యంత్రం ఆగిపోయి, రాత్రి ఎక్కిన ఉత్తరాలు కొన్ని చెడ్డాయి. అతను కిటికీలోంచి తొంగిచూసి "నాది పోయిందా?" అన్నాడు. బావ నెత్తి పట్టుకొని "పోయిందయ్యా" అన్నాడు. అతను చేతులు దులుపుకొని, మొహమంతా నవ్వుతో పెళ్ళికి బయలుదేరాడు. తిరిగొచ్చేసరికి చెప్పకుండా మానేశాడని మెమో సిద్ధంగా ఉంది.

"పోయిందన్నావు కదా టైమ్‌కీపరూ!"

"పోయిందనే కదయ్యా చెప్పాను!"

"పోతే మెమో ఎందుకిస్తారు?"

"పోయింది కాబట్టే ఇస్తారు!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ ఒకళ్ళ కాలరు ఒకళ్ళు పట్టుకున్నారు. నేను కడుపు పట్టుకొని నవ్వుతుంటే ఇద్దరూ కలిసి నామీద పడ్డారు. ఆ సాయంత్రమే బావ పాత రూటు బోర్డు ఒకటి తెచ్చి, వెనక వైపు తెల్ల రంగుతో రాసి తెర పైన తగిలించాడు. 'ఈ గదిలో పోయింది అనరాదు. ఎక్కితే ఎక్కింది, దిగితే దిగింది, చెడితే చెడింది.' నోరు జారినవాడు గదిలో ఉన్నవాళ్ళందరికీ టీ పోయించాలి. నేను పోయించినన్ని టీలు ఎవరూ పోయించలేదు. పెద్ద నోరు కదా, జారే అవకాశం కూడా ఎక్కువే.

ఆ నియమం ఎంతగా ఒంటబట్టిందంటే, బావ రిటైరైన ఏడాదికి ఆస్పత్రి నుంచి కబురు వచ్చినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. ఫోను ఎత్తింది స్టోర్స్ గుమాస్తా. విన్నాడు. పెట్టేశాడు. నోరు తెరిచి, బోర్డు వైపు చూసి, మళ్ళీ మూశాడు. చివరికి "టైమ్‌కీపర్ దిగాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బయట బస్సు కడుగుతున్నవాడు ఎందుకో తెలీకుండానే పైపు కట్టేశాడు.

ఇప్పుడు మా పిల్ల విషయానికి వస్తాను. ఆ బల్ల కింద కూర్చొని హోంవర్కు చేసుకున్న పిల్ల. పెద్దయ్యాక అదే డిపోలో కండక్టరయింది. ఆస్పత్రి రూటు. మొన్నామధ్య బస్సులో ఒక పెద్దావిడకి ఊపిరాడలేదు. ఆస్పత్రి గేటు ఎదురుగానే ఉంది, స్టాపు మాత్రం వంతెన దిగాక ఎక్కడో ఉంది. మా పిల్ల బెల్లు కొట్టి బండి ఆపించి, ఆవిణ్ణి గేటు దగ్గర దింపి, చేయి పట్టుకొని లోపలికి తీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చింది. వెనక కార్లు ఆగాయి. ఆగిన కార్లలో మీవాళ్ళది ఒకటి ఉందని అంటారు. రుజువు లేదు గనక ఆ మాట వదిలేస్తున్నాను. స్టాపు కాని చోట ఆపినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది.

అక్క వాళ్ళింట్లో భోజనాల బల్ల మీదే రాశాం.

"'నిరంకుశ' అని ఒక మాట పెట్టు," అన్నాను.

"ఎందుకు మామయ్యా? ఊపిరాడని మనిషిని దింపాను అని రాస్తే చాలదా?"

"చాలదు. వాళ్ళకి మంట పుట్టాలి."

వంటింట్లోంచి అక్క అరిచింది. "ఒరేయ్, నీ మైకు కట్టెయ్. దాని ఉద్యోగం నిలబడాలిరా, నీ ఉపన్యాసం కాదు."

నా మాటలన్నీ కొట్టేసి, పిల్ల తన మాటలతో పది వాక్యాలు రాసుకుంది. మర్నాడు డ్యూటీ ఎక్కే ముందు మెట్ల కింద గదికి వెళ్ళి పంపింది. అక్కడిప్పుడు కొత్త ఆపరేటర్. కాంట్రాక్టు మీద వచ్చాడు, జుట్టు నెరిసిన మనిషి, చెడ్డవాడు కాడు. గోడలకి సున్నం వేసినప్పుడు బోర్డు దించేశారు, మళ్ళీ తగిలించాలని ఎవరికీ తోచలేదు.

"దిగిందా అన్నా?" అని అడిగింది పిల్ల, తండ్రి నేర్పిన అలవాటున.

"ఆఁ, పోయిందమ్మా."

"ఆ మాట వినగానే గుండెలో కలుక్కుమంది మామయ్యా," అని తర్వాత చెప్పింది నాతో. "కానీ బయట మా డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. పరిగెత్తాను."

ఆ తర్వాత విచారణ. మీ సిబ్బంది అధికారి గది. 'సంతకం పెట్టానుగా' తప్ప ఇంకో మాట రాని మనిషి గనక మేమంతా ఆయన్ని సంతకం సార్ అంటాం. పిల్ల పంపానంది. ఆయన మా డిపోకి ఫోన్ కలిపి, గదిలో అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఈవిడ సంజాయిషీ పంపానంటోంది. ఏమైందయ్యా?"

"పోయింది సార్."

"పోయిందా?"

"పోయింది సార్. నేను చూస్తుండగానే పోయింది."

సంతకం సార్ గుమాస్తా వైపు తిరిగాడు. "చూస్తుండగానే పోగొట్టాడట. రాసుకో."

అదీ మీ విచారణ. ఒకే మాట. మా పిల్ల చెవిలో చేరిందని పడింది, మీ చెవిలో తప్పిపోయిందని పడింది. మర్నాడే ఉద్యోగంలోంచి తీసేస్తూ ఆర్డరు.

ఆర్డరు చూసి నేను పిల్లని వెంటబెట్టుకొని డిపోకి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ముందు పెట్టుకొని బిక్కమొహం వేశాడు.

"నీకు విజిటర్ పాసు రాయమంటావేంటమ్మా? మీ నాన్న ఉంటే నా చెవి మెలేసేవాడు."

"రాయి బాబాయ్. లేకపోతే రేపు నీకూ మెమో ఇస్తారు."

మెట్ల కింద గది తెల్లగా, కొత్తగా, ఎవరిదో అన్నట్టుంది. కుర్చీలు మారాయి. యంత్రం మాత్రం అదే. రెక్సిను లేదు, మీద దుమ్ము. పైన ఎవరో మెట్లెక్కారు. అదే మోత. పిల్లా నేనూ ఒకేసారి తలెత్తాం.

ఆపరేటర్ లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"నేనేం తప్పు చెప్పానండీ? పంపినవాటిలో కనిపిస్తోంది. పోయిందనే కదా చెప్పాను?"

"ఆ మాట మళ్ళీ అనకు నాయనా, టీ ఖర్చు నీదే అవుతుంది. క్యూ చూశావా?"

"క్యూ అంటే? ఇక్కడ ఎవరూ నిలబడరండీ."

అతని తప్పు కాదు. తెర మీద 'పంపబడింది' అని కనిపిస్తే అది మన సర్వర్ తీసుకుందని మాత్రమే. అవతల దిగిందో లేదో అది చెప్పదు. ఆ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. నల్ల తెర తెరిచి 'మెయిల్‌క్యూ' అని ఒక్క ముక్క కొట్టాలి, అంతే. ఆపరేటర్ పాస్‌వర్డు కొట్టాడు. నేను కొట్టబోతే వేళ్ళు ఒక అక్షరం తప్పాయి. పిల్ల నా చేయి పక్కకి నెట్టి తనే కొట్టింది.

క్యూ కిందికి జారుతూ వచ్చింది, వచ్చింది, ఇంకా వచ్చింది. ఒక్కో ఉత్తరానికి అది ఎక్కిన తేదీ, వేళ, పంపినవాళ్ళ పేరు. దాని కింద ఎందుకు ఆగిందో: అవతలి సర్వర్ లోపలికి రానివ్వడం లేదు, మళ్ళీ ప్రయత్నిస్తాను. దాని కింద చేరాల్సిన చోటు, మీ ప్రధాన కార్యాలయం. పంపినవాళ్ళ చోట పైనుంచి కింది దాకా ఇంచుమించు ఒకటే పేరు.

టైమ్‌కీపర్. టైమ్‌కీపర్. టైమ్‌కీపర్.

దిగిపోయిన మనిషి ఉత్తరాలెలా పెడతాడు అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. లైను బాగుందో లేదో తెలియడానికి, రోజూ తెల్లారి మొదటి బస్సు వేళకి మీకొక ఉత్తరం దానంతటదే వెళ్ళేలా బావ ఏర్పాటు చేశాడు. 'మొదటి బండి బయలుదేరింది. అందరూ కులాసా.' అంతే అందులో ఉండేది. ఆయన రిటైరయ్యాక ఎవరూ దాన్ని ఆపలేదు. ఆయన దిగాక కూడా ఆపలేదు. నెలన్నర కిందట మీరు కొత్త సర్వర్ తెచ్చుకొని మా పాత యంత్రానికి తలుపు మూసిన రోజు నుంచీ ఆ ఉత్తరాలు ఒక్కటొక్కటే వచ్చి స్టాపులో నిలబడ్డాయి.

పిల్ల తెర మీద వేలు పెట్టి, తండ్రి పేరు వెంట కిందికి జరుపుతూ పోతోంది.

"నాన్న ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు మామయ్యా."

ఆపరేటర్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. నేను కిటికీలోంచి బస్సులు కడిగే చోటు చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళ గేటు మీటింగుల్లో ఏనాడూ నా గొంతు మూగబోలేదు. ఆ రోజు మూగబోయింది. ఆ గుమ్మంలో మూగే జనం, ఆ టీ గ్లాసులు, 'దిగిందిరోయ్' అన్న అరుపు, అన్నీ ఒక్కసారి వచ్చి నా చుట్టూ నిలబడినట్టయింది.

పిల్ల వేలు ఆగింది. ఇద్దరు టైమ్‌కీపర్ల మధ్య తన పేరు. ఎక్కిన తేదీ మీరిచ్చిన గడువుకి ముందే. ఆగింది మీ గుమ్మంలో. మామూలుగా ఇలాంటి యంత్రాలు ఐదు రోజులు తలుపు కొట్టి, విసుగొచ్చి ఉత్తరాన్ని వెనక్కి పంపేస్తాయి. వానల్లో లైన్లు తెగితే వారాల తరబడి బాగయ్యేవి కావని బావ ఆ గడువుని రెండు నెలలకి పెంచాడు. 'అంత దాకానా?' అని ఇంజనీరమ్మ అడిగితే 'మా ప్యాసింజర్లకి ఓపికెక్కువమ్మా' అన్నాడు. ఆ ఓపిక వల్లే ఉత్తరం ఇంకా ప్రాణంతో ఉంది.

మళ్ళీ పంపుకోవచ్చు కదా అంటారేమో. కొత్తగా పంపితే కొత్త తేదీ పడుతుంది. 'గడువు దాటింది' అని దాన్ని కూడా పక్కన పడేస్తారు. మీ సంగతి నాకు తెలీదా?

ఆపరేటరే ఫోన్ ఎత్తాడు. నేను అడగలేదు. సంతకం సార్ లైన్లోకి వచ్చాడు.

"సార్, ఆ రోజు నేను పోయింది అన్నానంటే వెళ్ళిందని నా ఉద్దేశం. ఇప్పుడు చూస్తే ఆవిడ సంజాయిషీ ఇక్కడ క్యూలో ఉంది సార్. మీ సర్వర్ తీసుకోవట్లేదు."

"మాకు రాలేదు కదా?"

"మీరు రానివ్వలేదు సార్."

"చూడవయ్యా, ఆర్డరు మీద సంతకం పెట్టానుగా. శనివారం ఆ పాత డబ్బా ఆగిపోతుంది. ఆ క్యూ ఏదో క్లియర్ చేసెయ్."

ఆపరేటర్ నా వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"క్లియర్ అంటే పంపమనా సార్, తుడిచెయ్యమనా?"

అవతల ఆయన గొంతు పెంచాడు.

"క్లియర్ అంటే క్లియరయ్యా!"

ఫోన్ లాక్కొని నాలుగు తిట్టాలని నేను చేయి చాపాను. పిల్ల నా కంటే ముందే అందుకుంది.

"సార్, నేను కండక్టర్ని. ఇంకో సంజాయిషీ రాయను. రాసింది మీ గుమ్మంలోనే నిలబడి ఉంది. మీరు తలుపు తీస్తే చాలు, అదే లోపలికొస్తుంది."

పెట్టేశాడు. పిల్ల రిసీవరు మెల్లగా దాని చోట పెట్టింది. ఏడవలేదు. "నా బండికి ఇప్పుడు కండక్టరుగా ఎవరెళ్తున్నారు అన్నా?" అని ఆపరేటర్ని అడిగింది. రోజుకొకరిని వేస్తున్నారని అతను చెప్పాడు. "ఆ రూట్లో పెద్దవాళ్ళెక్కువ. మెట్టు దగ్గర చేయి అందించాలి. వాళ్ళకెవరైనా చెప్పారో లేదో," అంది. ఉద్యోగం లేని మనిషి అడిగిన మొదటి ప్రశ్న అది. మీలో ఎవరికైనా అలాంటి ప్రశ్న ఎప్పుడైనా వచ్చిందా?

పెద్దలారా, మీ దయ నాకు అక్కర్లేదు. మీ సర్వర్‌కి మా డిపో యంత్రం పేరు చెప్పి లోపలికి రానివ్వమనండి. మీ దగ్గర తెలిసిన ఇంజనీరుకి టీ తాగేంత పని. ఆ క్యూలో ఒక్క ఉత్తరం కూడా తుడవద్దు. మా టైమ్‌కీపర్ పంపినవన్నీ దింపుకోండి, వాటి మధ్య నిలబడ్డ మా పిల్ల సంజాయిషీని దింపుకోండి. అది మీ దగ్గర దిగిన తేదీ కాదు, మా యంత్రం ఎక్కిన తేదీ లెక్కలోకి తీసుకోండి. ఆ పది వాక్యాలు చదవండి. చదివాక, మీరు రాసిన ఆ ఒక్క వాక్యం కొట్టేసి, ఆస్పత్రి రూటు బండి ఎక్కమని మా పిల్లకి కబురు పెట్టండి. ఆపరేటర్ మీద చెయ్యి వేస్తే ఊరుకోం, అది కూడా గుర్తుంచుకోండి.

శనివారం పొద్దున నుంచీ మేమంతా మెట్ల కింద గదిలోనే ఉంటాం. డ్రైవర్లు, కండక్టర్లు, టైర్లవాళ్ళు, వాచ్‌మన్‌తో సహా. స్విచ్చి దాకా రావాలంటే మమ్మల్ని దాటుకొని రావాలి. అంత దూరం ఎందుకు తెచ్చుకుంటారు? తలుపు తీయండి. శనివారం దాకా ఆగకండి. ఇప్పుడే తీయండి.